పాత పెట్రోలు బంకు స్థలంలో సెల్లార్: గచ్చు కింది గాలి పరీక్షించాలి

సంపాదకుడు గారికి,

విజయవాడలో బందరు కాలువకు దగ్గర్లో, మా వీధి మొదట్లో ఒకప్పుడు పెట్రోలు బంకు ఉండేది. అది మూతపడ్డాక ట్యాంకులు తవ్వి తీస్తుంటే దగ్గరుండి చూశాను. గుంటలో మన్ను పైన గోధుమరంగులో ఉంటే, అడుగున నీలం కలిసిన నలుపు. మోటారుతో తోడుతున్న నీళ్ల మీద రంగురంగుల తెర తేలుతోంది. కూలీలు ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని పనిచేశారు. వారం తిరక్కుండానే గ్రావెల్ పోసి పూడ్చేశారు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ లేచింది. సెల్లార్లో ప్లే స్కూలు వస్తోందని బ్యానర్ కూడా కట్టారు. పరీక్షలేమైనా చేయించారా అని బిల్డర్ని అడిగాను. "ట్యాంకులు తీసేశాం కదండీ, ఇప్పుడు వాసన కూడా లేదు" అన్నారు.

నాకు టెన్షన్ పట్టుకున్నది ఆ మాటతోనే. చాలా ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాణ్ని. పెట్రోలులో ఉండే బెంజీన్ క్యాన్సర్ తెచ్చే పదార్థం. బయటి గాలికి మన దేశం 2009లో పెట్టిన ప్రమాణం ప్రకారం, అది ఘనపు మీటరుకు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదు. దాని వాసన ముక్కుకు తెలియాలంటే అంతకు కనీసం కొన్ని వందల రెట్లు ఉండాలి. వాసన లేదని ఊరుకోవటానికి లేదు.

ట్యాంకు తీసినా, కారిన పెట్రోలు నేలలోనే ఉంటుంది. నీటికన్నా తేలిక కాబట్టి భూగర్భ జలం మీద తేలుతుంది. కాలువకు నీళ్లు వదిలితే మా వైపు బావుల్లో నీరు పైకొస్తుంది, ఎండాకాలం దిగిపోతుంది. దాంతోపాటే పెట్రోలూ పైకీ కిందికీ కదులుతూ మట్టికంతా పట్టేస్తుంది. అందులోంచి ఆవిరి లేచి, గచ్చు పగుళ్లలోంచీ డ్రైనేజీ పైపుల సందుల్లోంచీ గదిలోకి చేరుతుంది. సెల్లార్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఆ ఆవిరిని ఇంకా లాగుతుంది. గుంటూరు వైపు నల్లరేగడిలోనైతే ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతాయి, ఆవిరికి అవే దారులు.

పాత బంకు స్థలాలన్నీ ప్రమాదమని నేననను. పెట్రోలుకూ కట్టడానికీ మధ్యలో గాలి ఆడే శుభ్రమైన మట్టి తగినంత ఉంటే, అందులోని సూక్ష్మజీవులే ఈ ఆవిరిని చాలావరకు తినేస్తాయి. అమెరికా పర్యావరణ సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కింద పెట్రోలు ద్రవంగా ఉన్నచోట దానికీ కట్టడం అడుగుకూ మధ్య 15 అడుగుల శుభ్రమైన మట్టి ఉందా అని చూడమన్నారు. మనం సెల్లార్ కోసం పది అడుగులు తవ్వేస్తే ఆ మట్టిలో మిగిలేదెంత?

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గచ్చుకు చిన్న రంధ్రం వేసి, గొట్టం దించి, లోపలి గాలిని స్టీలు డబ్బాలో పట్టి ల్యాబ్‌కు పంపుతారు. అదే రోజు గదిలో గాలీ బయటి గాలీ కూడా పట్టాలి. ముందుగా సెల్లార్లో బైకులూ పెయింట్ డబ్బాలూ తీయించేయాలి, లేకపోతే వాటి ఆవిరి కూడా లెక్కలో కలిసిపోతుంది. ఒక్కసారి చూసి వదిలేయకూడదు. మే నెల ఎండల్లో ఒకసారి, కాలువ నిండుగా పారేటప్పుడు మరోసారి చూడాలి. ఆవిరి ఉందని తేలినా కాంప్లెక్స్ కూల్చనక్కర్లేదు. గచ్చు కింద పైపులు వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని డాబా మీదికి వదిలేస్తే చాలావరకు సరిపోతుంది. ఈ పని టైల్స్ వేయకముందు చేస్తే ఖర్చు తక్కువ, తర్వాతైతే అంతా పగలగొట్టుకోవాలి.

కేంద్ర పర్యావరణ శాఖ 2025 జులైలో కలుషిత స్థలాల నిబంధనలు తెచ్చింది. అనుమానమున్న స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి, 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన జరగాలి. మా జిల్లా అధికారులు ఆ జాబితాలో మూతపడిన బంకుల స్థలాలను కూడా చేర్చాలని కోరుతున్నాను. అలాంటి స్థలంలో కట్టిన భవనానికి గచ్చు కింది గాలి రిపోర్టు లేకుండా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వొద్దు. మా వీధి సెల్లార్లో టైల్స్ పని ఇంకా మొదలవలేదు. ఈ నెలలోనే ఎవరైనా వచ్చి ఆ గచ్చుకు రంధ్రం వేసి చూడాలి.

— ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ అధ్యాపకుడు, విజయవాడ