పెద్దవాళ్లకు చాలని సిగ్నల్ సమయం

రోడ్డు దాటే పెద్దవాళ్లకు మన సిగ్నళ్లు ఇచ్చే సమయం బొత్తిగా చాలడం లేదు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న లెక్కతో సాధారణంగా ఈ టైమింగ్ పెడతారు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్లావిడ కూరల సంచీతో అంత వేగంగా ఎలా నడుస్తుంది? మా రైతుబజారు ముందు రోజూ చూస్తున్నదే: సగం దాటేసరికి టైమ్ అయిపోతుంది, బైకులు హారన్ కొడుతూ మీదికొచ్చేస్తాయి. మధ్యలో ఆగుదామంటే డివైడర్ మోకాలెత్తు, పట్టుకుని ఎక్కడానికి ఆధారం కూడా ఉండదు. ఫుట్‌పాత్ సంగతి సరేసరి; టిఫిన్ బండ్లు, పార్క్ చేసిన బైకులు పోగా నడవడానికి మిగిలేది రోడ్డే. ఫుట్‌పాత్ వాడుకునే హక్కు జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పాక కూడా ఇదే తీరు. సింగపూర్‌లో 2009 నుంచి వృద్ధులు తమ కార్డును సిగ్నల్ స్తంభానికి తాకిస్తే పచ్చలైటు మరికొన్ని సెకన్లు వెలిగే ఏర్పాటుంది. మనకు అంత హంగు అక్కర్లేదు. ఆసుపత్రులు, గుళ్లు, రైతుబజార్ల దగ్గర సిగ్నల్ సమయం పెంచి, డివైడర్‌ను కోసి రోడ్డు మట్టానికే నిలబడే చోటు కల్పిస్తే చాలు. బండి నడిపే పెద్దల విషయమూ చూడాలి. నలభై దాటితే లైసెన్స్ రెన్యువల్‌కు డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. కళ్లు చూపించుకోకుండానే సంతకం పెట్టించుకొచ్చినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. శుక్లం ముదిరినవారికి ఎదుటి బండి హైబీమ్ పడితే ముందున్న మనిషి కూడా కనిపించడు. కంటి పరీక్ష రవాణా కార్యాలయంలోనే చేస్తే ఈ సంతకాల తంతు ఆగుతుంది.