వాలంటీరుకు శాలువాతో పాటు చేసిన పనికి లెక్క కూడా కావాలి

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 24న ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) దినోత్సవం వస్తుంది. ఆ సందర్భంగా మన తిరుపతిలోని విశ్వవిద్యాలయాలు, కళాశాలలు ఏటా సభలు జరిపి, ఉత్తమ వాలంటీర్లనూ విద్యార్థి క్లబ్బుల బాధ్యులనూ వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి, ఫొటో తీసి పంపిస్తాయి. ఆ సత్కారం అక్కర్లేదని నేను అనను. పందొమ్మిదేళ్ల పిల్లకు తల్లిదండ్రులు చూస్తుండగా నిండు సభలో చప్పట్లు మోగడం చిన్న సంగతి కాదు. అయితే విద్యార్థి సేవకు గుర్తింపు అన్నది ఆ ఒక్క సాయంత్రంతోనే ముగిసిపోతోందని, చేసిన పని ఏమిటో చెప్పే కాగితం మాత్రం విద్యార్థి చేతికి సకాలంలో రావడం లేదని, ఒక డిగ్రీ కళాశాలలో కొన్నేళ్లు ఎన్.ఎస్.ఎస్. ప్రోగ్రామ్ ఆఫీసరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేదలచాను.

1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో దాదాపు 40 వేల మంది విద్యార్థులతో మొదలైన పథకం ఎన్.ఎస్.ఎస్. రెండేళ్లలో 240 గంటల సేవ, దానితోపాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇవ్వాలని నిబంధన. గంటల లెక్క ఇంత స్పష్టంగా ఉన్న పథకంలో సర్టిఫికెట్ మీద మాత్రం 'కార్యక్రమాల్లో ఉత్సాహంగా పాల్గొన్నారు' అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ కనిపించదు. ఎక్కడ పాల్గొన్నారు, ఏం చేశారు, ఎంతమందిని నడిపించారు అన్నది ఉద్యోగం ఇచ్చేవాళ్లకు గానీ పై చదువులకు చేర్చుకునేవాళ్లకు గానీ దాన్నిబట్టి తెలియదు. ఆ కాగితం కూడా చాలాచోట్ల విద్యార్థి టీసీ తీసుకుని వెళ్లిపోయాక తయారవుతుంది.

పని అంటే ఏమిటో ఒక రక్తదాన శిబిరాన్ని చూస్తే తెలుస్తుంది. శిబిరం ఉదయం పది గంటలకు మొదలైతే, విద్యార్థి కార్యదర్శికి అది వారం ముందే మొదలవుతుంది. హాలు కోసం ఉత్తరం రాయాలి, దాని మీద విభాగాధిపతి సంతకం, ఆపైన రిజిస్ట్రార్ కార్యాలయం అనుమతి తెచ్చుకోవాలి, బ్లడ్ బ్యాంకు వాళ్లతో తేదీ ఖాయం చేసుకోవాలి, హాస్టల్ గదుల చుట్టూ తిరిగి పేర్లు రాసుకోవాలి. ఆ రోజు పొద్దున టిఫిన్ తినకుండా వచ్చినవాళ్లను క్యాంటీనుకు పంపేదీ ఆ కార్యదర్శే. బరువు 45 కిలోలకు, హిమోగ్లోబిన్ 12.5కు తక్కువైతే రక్తం తీసుకోరు కాబట్టి ఆడపిల్లల్లో చాలామంది వరుసలో నిలబడి వెనక్కి రావలసివస్తుంది. వాళ్లు చిన్నబుచ్చుకోకుండా పక్కన కూర్చోబెట్టి, మాటలు చెప్పి, ఐరన్ మాత్రల కోసం హెల్త్ సెంటరుకు తీసుకెళ్లే వాలంటీరు ఒకరుంటారు. మర్నాడు పేపర్లో వచ్చే ఫొటోలో అతిథులు, అధ్యాపకులు, మంచం మీద పడుకున్న ఒక దాత ఉంటారు తప్ప, ఈ ఇద్దరిలో ఎవరూ ఉండరు. (ఫ్లెక్సీ మీద అయితే దాతకు కూడా చోటుండదు, అది వేరే సంగతి.)

ఇంతకన్నా బాధ కలిగించేది హాజరు వ్యవహారం. శిబిరానికి, సర్వేకు, బ్రహ్మోత్సవాల రోజుల్లో భక్తుల సహాయానికి సంస్థ తరఫునే పంపుతారు. వెనక్కి వచ్చాక తరగతి హాజరు పట్టీలో ఆ రోజులు గైర్హాజరుగానే ఉంటాయి. ఆన్ డ్యూటీ ఉత్తరం ఉన్నా, ఒక అధ్యాపకుడు ఒప్పుకుంటారు, ఇంకొకరు 'నా క్లాసు నీకు ముఖ్యం కాదా' అంటారు. తప్పనిసరైన 75 శాతం హాజరుకు ఒకటి రెండు రోజులు తక్కువై, ఆ లోటు మాఫీ కోసం కండొనేషన్ ఫీజు కట్టిన క్లబ్బు బాధ్యులను నేనెరుగుదును. ఒక చేత్తో మెమెంటో ఇచ్చి రెండో చేత్తో ఫీజు వసూలు చేసే పద్ధతిని ఏ సత్కారమూ కప్పిపుచ్చలేదు. వాలంటీరుకు విశ్వవిద్యాలయం చేయగల మొదటి మర్యాద, పంపిన రోజుకు హాజరు వేయడం. దానికి నిధులు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు, అది అన్ని విభాగాలూ పాటించేలా చూసే అధికారి ఒకరు చాలు.

సేవ చేసినవాళ్లు ప్రతిఫలం కోరకూడదని కొందరు పెద్దలు అంటారు. తిరుమలలో శ్రీవారి సేవకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, క్యూలైన్లలోనూ అన్నప్రసాదం దగ్గరా నిలబడి పనిచేసి, ఏమీ ఆశించకుండా వెళ్లిపోయేవాళ్లను రోజూ చూసే ఊరు మనది. ఆ మాట ఇక్కడ ఎవరికైనా సబబుగానే తోస్తుంది. నాకు మాత్రం ఆ పోలిక కుదరదు. వాళ్ల సేవను లెక్కకట్టి ఎవరూ తమ ఖాతాలో వేసుకోవడం లేదు. విద్యార్థుల సంగతి అలా కాదు. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ బృందం వచ్చినప్పుడు విస్తరణ కార్యక్రమాల కింద ఎన్ని శిబిరాలు, ఎంతమంది విద్యార్థులు అని ఫైళ్లు పెట్టి చూపిస్తారు, ఆ లెక్కకు విలువ ఉంది, సంస్థకు వచ్చే గుర్తింపులో దాని పాలు ఉంది. విద్యార్థి గంటలు సంస్థ ఫైలులో తేదీలతో, ఫొటోలతో సహా భద్రంగా ఉన్నప్పుడు, అదే వివరం విద్యార్థి సర్టిఫికెట్ మీద రాయడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. కొత్తగా సేకరించవలసింది కూడా ఏమీ లేదు. ఉన్నదాన్ని ఇంకో కాగితం మీదికి ఎక్కించడమే.

ఇక ఎవరిని ఎంపిక చేస్తున్నారన్నది. వేదిక మీద కనబడేవాళ్లకు, ఇంగ్లిషులో వ్యాఖ్యానం చెప్పగలిగేవాళ్లకు పురస్కారాలు సులభంగా వస్తాయి. కనబడని పనికి రావు. చూపులేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టే స్క్రైబుల సంగతే తీసుకోండి. ప్రశ్నను రెండుసార్లు చదివి వినిపించాలి, చెప్పిన జవాబును తన తెలివి కలపకుండా చెప్పినట్టే రాయాలి, మూడు గంటల పరీక్షకు అదనంగా ఇచ్చే గంటతో కలిపి నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి. పరీక్ష హాలులో ఫొటో తీయరు, తీయకూడదు కూడా. కింది తరగతి విద్యార్థి తన చదువు పక్కన పెట్టి సెమిస్టరు పరీక్షలన్నీ ఇలా రాసిపెట్టినా, ఏ క్లబ్బు జాబితాలోనూ లేడు కాబట్టి ఉత్తమ వాలంటీరు దరఖాస్తుకే అర్హుడు కాడు. సంచాలకుల సిఫారసు ఒక్కదాని మీదే ఆధారపడకుండా, తోటి వాలంటీర్లను, సహాయం పొందినవాళ్లను కూడా అడిగి ఎంపిక చేస్తే ఇలాంటివాళ్ల పేర్లు బయటికి వస్తాయి.

క్లబ్బు అధ్యక్షుల విషయంలో నాకు ఇంకో కొలబద్ద ఉంది. ఏడాదిలో ఎన్ని కార్యక్రమాలు జరిపారన్నది ఎవరైనా చూస్తారు. పదవి దిగేటప్పుడు తర్వాతి వాళ్లకు ఏం అప్పగించారన్నది కూడా చూడాలి. ఖర్చుల పుస్తకం సరిగా ఉందా, దాతల ఫోన్ నంబర్లు, అనుమతి ఉత్తరాల నకళ్లు కొత్త బాధ్యులకు అందాయా, జూనియర్లలో ఇద్దరు ముగ్గురైనా పని నేర్చుకున్నారా? ప్రతి ఆగస్టులోనూ మొదటినుంచి మొదలుపెట్టే క్లబ్బులు మన ప్రాంగణాల్లో చాలా ఉన్నాయి. అధ్యక్షుడు ఎంత చురుకైనవాడో క్లబ్బు అంత త్వరగా మూతపడిన సందర్భాలూ ఉన్నాయి. చెప్పులరిగేలా తిరిగి సొంత డబ్బుతో ఆటో చార్జీలు పెట్టుకున్న బాధ్యులకు ఆ ఖర్చయినా తిరిగి ఇవ్వాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు క్రెడిట్లు వచ్చాక, సేవకు మార్కులు ఇస్తున్నాం కదా అని కొందరు సరిపెట్టుకుంటున్నారు. అది అందరూ చేయవలసిన ప్రాజెక్టు. నేను మాట్లాడుతున్నది దానికి పైన, ఎవరూ అడగకపోయినా ముందుకు వచ్చే కొద్దిమంది గురించి.

నా విన్నపాలు రెండే. ఈ విద్యా సంవత్సరం నుంచి చివరి సెమిస్టరు మార్కుల మెమోతో పాటే సేవా ధ్రువపత్రం కూడా ఇవ్వాలి, అందులో చేసిన పనులు, గంటలు, వహించిన బాధ్యత విడివిడిగా రాయాలి. కార్యాలయాల బీరువాల్లో సంతకాలు పూర్తయి కూడా పంపిణీ కాకుండా ఉండిపోయిన పాత సర్టిఫికెట్లను, 'వచ్చి తీసుకెళ్లండి' అని నోటీసు పెట్టి ఊరుకోకుండా, రికార్డుల్లో ఉన్న ఇంటి చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపాలి. పలమనేరు, మదనపల్లె, సత్యవేడు నుంచి ఒక సంతకం కాగితం కోసం ఉద్యోగానికి సెలవు పెట్టి తిరుపతికి రావడం ఆ పిల్లలకు కష్టం.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
తిరుపతి.