కొత్త కారులో రంగు తేడా: రిపేరు దాచి అమ్మిన వాహనాన్ని మార్చి ఇవ్వాలని ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,
ప్రతి: హైదరాబాద్‌లోని మీ అధీకృత డీలర్ సేల్స్ మేనేజర్ గారికి

విషయం: పెర్ల్ వైట్ కారు ఎడమవైపు వెనక డోర్, క్వార్టర్ ప్యానెల్ రంగు మిగతా బాడీతో కలవకపోవడం, రిపేరు సంగతి చెప్పకుండా కొత్త బండిగా అమ్మడం, వాహనం మార్పిడి గురించి.

అయ్యా,

మీ డీలర్ మాకు కొత్తదిగా అందజేసిన కారులో ఎడమవైపు వెనక డోర్, దాని వెనకనున్న క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైనుండే బాడీ రేకు) మిగతా బాడీ కంటే పసుపుగా, మెరుపు తగ్గి ఉన్నాయి. పగటి వెలుతురులో నాలుగడుగుల దూరం నుంచే తేడా తెలుస్తోంది. ఇన్వాయిస్, చాసిస్ నంబరు ప్లేటు ఫొటో, ప్యానెళ్ల ఫొటోలు, పెయింట్ మందం రీడింగులు జతచేశాం. డీలర్ సిబ్బంది ఇప్పటిదాకా నోటిమాటగా చెప్పినవి ముఖ్యంగా మూడు: పెర్ల్ రంగు స్వభావమే అంత, ఎండ తగిలితే సర్దుకుంటుంది, ఒకసారి పాలిష్ కొడితే పోతుంది. ఈ మూడింటిలో ఏదీ ఈ కారుకు వర్తించదు. ఎందుకు వర్తించదో మీ టెక్నికల్ విభాగం సరిచూసుకునేలా కింద వివరంగా రాస్తున్నాం.

మూడు పొరల పెర్ల్ వైట్‌లో అడుగున తెల్లని బేస్, దాని మీద పారదర్శకమైన పెర్ల్ పొర, అన్నిటికీ పైన రంగులేని, మెరుపునిచ్చే క్లియర్ కోట్ ఉంటాయి. పెర్ల్ పొరలోని మైకా రేణువులు ఒరిగిన తీరునుబట్టి, చూసే కోణం మారితే రంగూ మారినట్టు కనిపిస్తుంది. ప్లాస్టిక్ బంపర్లకు వేరేగా, తక్కువ వేడిలో పెయింట్ వేస్తారు కాబట్టి బంపర్‌కీ పక్కనున్న రేకుకీ కొద్దిపాటి తేడా చాలా కార్లలో ఉన్నదే. వెనక బంపర్ విషయంలో మాకు ఏ ఫిర్యాదూ లేదు. డోరూ క్వార్టర్ ప్యానెలూ అలా కాదు. అవి ఉక్కు రేకులు. డోర్లు బిగించిన బాడీ అంతా ఫ్యాక్టరీలో ఒకే వరుసలో రంగు వేయించుకుని ఒకే ఓవెన్‌లోంచి బయటికి వస్తుంది. ముందు డోర్ ఒక రంగు, వెనక డోర్ మరో రంగు కావడానికి ఆ పద్ధతిలో దాదాపు చోటు లేదు.

దీనికి తిరుగులేని సాక్ష్యం ఫ్యూయల్ మూత. అది మిగతా బాడీ రంగులోనే ఉంది. దాని చుట్టూ ఉన్న క్వార్టర్ ప్యానెల్ మాత్రం పసుపు ఛాయలో ఉంది. రెండూ ఒకే తలంలో, ఒకే వెలుతురులో, వేలెడు దూరంలో ఉన్నప్పుడు కోణం వల్ల తేడా అనే మాట నిలవదు. మూత తెరిచి చూస్తే లోపలి అంచున, రంగు తగలకుండా మాస్కింగ్ టేపు అంటించి తీసిన గీత గోటికి తగులుతోంది.

పెయింట్ మందం కూడా కొలిపించాం. మీటర్‌ను ముందు ఉత్త ఉక్కు బిళ్ల మీద సున్నాకు సరిచేసి, ఒక్కో ప్యానెల్‌పై ఐదేసి చోట్ల రీడింగ్ తీసుకున్నాం. వంపులు, అంచుల దగ్గర రీడింగ్ తప్పుతుంది కాబట్టి అంచుకు రెండంగుళాలు లోపలికే కొలిచాం. ఉక్కు రేకు మీద ఫ్యాక్టరీ పెయింట్ మందం అన్ని పొరలూ కలిపి సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. మా కారు రూఫ్ మీద 118 నుంచి 129, ఎడమ ముందు డోర్ మీద 120 నుంచి 132, కుడి వెనక డోర్ మీద 121 నుంచి 134 వచ్చాయి. ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఎడమ వెనక డోర్ మీద 262 నుంచి 305, క్వార్టర్ ప్యానెల్ మీద 248 నుంచి 290 వచ్చాయి. చక్రం ఆర్చ్‌కు పైన అరచేయంత మేర 690 నుంచి 840 మైక్రాన్లు చూపించింది. 250, 300 అంటే పెయింట్ మీద మళ్లీ పెయింట్. 700 దాటిందంటే కింద పుట్టీ ఉంది. పుట్టీ ఉందంటే అక్కడ రేకు సొట్టపడింది.

మందం ఒక్కటే చూసి నింద వేయడం న్యాయం కాదని మాకు తెలుసు. ఫ్యాక్టరీలోనే లోపం బయటపడి అక్కడే రెండోసారి రంగు వేసే సందర్భాలు ఉంటాయి. కానీ మా కారు వెనక డోర్ రబ్బరు బీడింగ్ మీద, చక్రం లోపలి నల్ల ప్లాస్టిక్ లైనింగ్ మీద తెల్లని స్ప్రే తుంపర ఎండి ఉంది. అంటే రంగు కొట్టేనాటికే బీడింగ్, లైనింగ్ బిగించి ఉన్నాయి, బండి పూర్తిగా తయారై ఉంది. డోర్ కీలు బోల్టుల మీద ఫ్యాక్టరీ పెయింట్ చెదరలేదు కాబట్టి డోర్ ఊడదీయకుండా, బండి మీదే ఉంచి కొట్టారు. క్లియర్ కోట్ కింద దుమ్ము నలకలు చిక్కుకున్నాయి. పక్క వెలుతురులో చూస్తే ఉపరితలం ఎగుడుదిగుడుగా, నారింజ తొక్కలా కనిపిస్తోంది. ఇది మీ ప్లాంటు యార్డులో జరిగిందా, ట్రైలర్ మీద వచ్చేటప్పుడు తగిలిన దెబ్బకు స్టాక్‌యార్డులో చేశారా, డీలర్ వర్క్‌షాపులో చేశారా అన్నది మీ రికార్డులే చెప్పాలి.

రంగు కలిపేస్తే సరిపోదా అని డీలర్ అడుగుతున్నారు. సరిపోదు. ఫ్యాక్టరీలో ఉక్కు బాడీ మీద పెయింట్ సుమారు 140 డిగ్రీల వేడిలో గట్టిపడుతుంది. వైర్లు, టైర్లు, ప్లాస్టిక్ భాగాలు ఎక్కిన బండిని ఆ వేడిలో పెట్టలేరు. అందుకే వర్క్‌షాపు బూత్‌లో హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపిన క్లియర్ కోట్ కొట్టి 60 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెడతారు. ప్రమాదం జరిగిన పాత బండికి ఆ పని చాలు, బాగానే నిలుస్తుంది. కొత్త బండి ధర కట్టినవాళ్లకు ఇవ్వాల్సింది అది కాదు.

రంగు కన్నా మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ పుట్టీ కింద ఏముందన్నది. క్వార్టర్ ప్యానెల్ డోర్‌లా బోల్టులు విప్పి మార్చేది కాదు, బాడీకి వెల్డ్ అయి ఉంటుంది. సొట్ట లాగడానికి రేకు మీద వాషర్లో పిన్నులో వెల్డ్ చేసి ఉంటే, ఆ వేడికి రేకు లోపలివైపు ఈ-కోట్ (తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో వేసే మొదటి పొర) కాలిపోతుంది. ఆ చోట లోపలి నుంచి తుప్పు నిరోధక మైనం కొట్టకపోతే తుప్పు లోపలే మొదలై, పైకి బుడగలా తేలేదాకా ఎవరికీ తెలియదు. పైగా అది టైరు విసిరే గులకరాళ్లు తగిలే చోటు. క్లియర్ కోట్ ఒక్కచోట చిట్లినా వానాకాలం తేమ పుట్టీలోకి దిగుతుంది, పుట్టీ పొంగి రేకును వదిలేస్తుంది. రేపు బండి అమ్మబోతే కొనేవాళ్లు ఇదే మీటర్ పెట్టి, యాక్సిడెంట్ బండి అని ధర కోస్తారు.

డీలర్ చూపిన పరిష్కారాలను మేము ఎందుకు ఒప్పుకోవడం లేదో కూడా చెప్పాలి. రంగు ఉండేది బేస్, పెర్ల్ పొరల్లో, బఫింగ్, అంటే మెషీన్ పాలిష్, అరగదీసేది పైనున్న క్లియర్ కోట్‌ను. దానివల్ల మెరుపు కాస్త పెరగవచ్చు గానీ ఛాయ మారదు, ఎండ నుంచి కాపాడే పొర మాత్రం పలచబడుతుంది. ఉచితంగా చేస్తామన్న సిరామిక్ కోటింగ్ కూడా పారదర్శకమైనదే, అది తేడాను దాచలేదు. ఆ రెండు ప్యానెళ్లకే మళ్లీ రంగు వేయడం వినడానికి సులువు. పెర్ల్ వైట్‌లో పెయింట్ కోడ్ ఒక్కటే అయినా పెర్ల్ పొర రెండుసార్లు కొడితే ఒక ఛాయ, నాలుగుసార్లు కొడితే మరో ఛాయ వస్తుంది. స్ప్రే గన్ ప్రెషర్, దూరం, థిన్నర్ పాళ్లు మారినా అంతే. ముందుగా టెస్ట్ కార్డుల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు పెర్ల్ కోట్లు కొట్టి, క్లియర్ వేసి, ఆరాక ఎండలో బండి పక్కన పెట్టి ఎదురుగానూ వాలుగానూ చూసి ఎన్ని కోట్లో తేల్చుకోవాలి. మొదటిసారి రంగు వేసినవాళ్లు ఆ పని చేయలేదని, చేసినా పట్టించుకోలేదని ఫలితమే చెబుతోంది. అంత జాగ్రత్తగా చేసినా తేడా కనబడకుండా ఉండాలంటే పెర్ల్‌ను పక్క ప్యానెళ్లలోకి పలచగా కలుపుకుంటూ పోవాలి. అంటే చక్కగా ఉన్న ఎడమ ముందు డోర్‌నూ, రూఫ్ అంచుదాకా పిల్లర్‌నూ (రూఫ్‌ను మోసే నిలువు భాగం) గీకాలి. రెండు ప్యానెళ్ల లోపం నాలుగుకు పాకుతుంది. దీనికి మేము ఒప్పుకోం.

డెలివరీ నోట్ మీద సంతకం పెట్టారు కదా అన్న మాట కూడా వచ్చింది. షోరూమ్ ఎల్ఈడీ లైట్ల కింద ఒకేలా కనిపించే రెండు తెలుపులు పగటి వెలుతురులో విడిపోవడం రంగుల పరిశ్రమలో అందరికీ తెలిసిన విషయం. పుట్టీనైతే కంటితో పట్టుకోలేం. సంతకం బండి అందిందని చెబుతుంది. దాచిన రిపేరుకు అది సమ్మతి కాదు. డెలివరీకి ముందు తనిఖీ చేసి బాడీ, పెయింట్ గడులకు టిక్కు పెట్టింది మీ డీలరే.

కాబట్టి మొదట మాకు కావలసినవి కాగితాలు: ఈ చాసిస్ నంబరు మీద ట్రైలర్ నుంచి దించినప్పటి రసీదు, అందులో డ్యామేజీ రాసి ఉంటే ఆ నోట్, రవాణా బీమా క్లెయిము, బాడీషాప్ జాబ్ కార్డు, డెలివరీకి ముందు తనిఖీ షీటు. తర్వాత మీ కంపెనీ ఇంజనీర్ సమక్షంలో, పగటిపూట ఆరుబయట, మందం మీటర్‌తోనూ పలు కోణాల్లో రంగు కొలిచే పరికరంతోనూ ఉమ్మడి తనిఖీ జరిపి, రీడింగులు రాసి ఇరువైపులా సంతకాలు చేయాలి. అంతవరకూ ఈ బండికి పాలిష్, కోటింగ్, ఫిల్మ్ ఏదీ వేయించం. సర్వీసుకు ఇచ్చినా మా లిఖిత అనుమతి లేకుండా బాడీని ముట్టుకోవద్దు.

తనిఖీలో ఇవే ఫలితాలు వస్తే అదే వేరియంట్, అదే రంగు, ఇంతకన్నా పాతది కాని తయారీ నెల ఉన్న మరో కారు ఇవ్వాలి. కొత్త చాసిస్ నంబరుకు రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్, బీమా, బ్యాంకు హైపోథికేషన్ (బండి మీద అప్పు తాకట్టు నమోదు) మార్పు ఖర్చులన్నీ మీరో డీలరో భరించాలి. అలాంటి బండి లేకపోతే ఆన్‌రోడ్ ధర మొత్తం వాపసు చేయాలి.

రిపేరు చేసి బాగుపరచిన వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) ప్రకారం అన్యాయ వ్యాపార పద్ధతి. సెక్షన్ 39 కింద వస్తువు మార్పిడికి, ధర వాపసుకు, నష్టపరిహారానికి ఆదేశించే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. లోపం తేల్చడానికి అవసరమైతే సెక్షన్ 38 కింద ల్యాబ్ పరీక్షకూ పంపవచ్చు. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా లిఖితపూర్వక సమాధానం, ఉమ్మడి తనిఖీ తేదీ మాకు తెలపాలి. లేనిపక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదుచేసి, మేము నివసించే జిల్లా కమిషన్‌లో మీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి కేసు వేస్తాం. ఫోన్లో చెప్పే హామీలను సమాధానంగా తీసుకోం.

ఇట్లు,
వాహన యజమానులు,
హైదరాబాద్