కలెక్టర్ గారూ, గుత్తికోయ పిల్లల బడి సంగతి చూడండి

భద్రాద్రి కొత్తగూడెం కలెక్టర్ గారికి నమస్తే సార్,

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం (మావోయిస్టుల మీదకి ప్రభుత్వ అండతో లేపిన సాయుధ దళం) మొదలయ్యాక అటు జుడుం ఇటు మావోయిస్టులు, మధ్యలో నలిగి ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసుకుని జనం మన అడవుల్లోకొచ్చి పడ్డారు, వాళ్లనే ఇక్కడ గుత్తికోయలంటారు. అక్కడ బడుల్ని మావోయిస్టులు పేల్చేస్తే భద్రతా బలగాలు వాటిల్లో క్యాంపులు పెట్టుకున్నాయి, బలగాలు బడులు ఖాళీ చెయ్యాలని 2011లో సుప్రీంకోర్టే చెప్పాల్సొచ్చింది. ఇక్కడ పుట్టిన పిల్లలకైనా ఆ గతి వద్దు సార్. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లాడికి మొదటిరోజే తెలుగు వాచకం ఇస్తే ఏమర్థమౌతుంది, మానేసి మేకల వెంట పోతాడు. కోయ వచ్చినవాళ్లనే చిన్న క్లాసులకి పెట్టండి. ఎస్టీ సర్టిఫికెట్ లేదని హాస్టల్ సీటు ఆపొద్దు (తుపాకీ ఇచ్చేవాడు ఏ సర్టిఫికెట్టూ అడగడు మరి). జూన్‌లో బడిబాట మొదలయ్యేలోపే ఆర్డరిస్తే బాగుంటుంది.