వేటగాడి ఫొటో వేస్తారు, తిన్నవాడి మాటేమిటి?

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక జిల్లా పేజీలో అప్పుడప్పుడూ ఒకే తీరు ఫొటో కనిపిస్తుంటుంది. నేల మీద కాళ్ళు చాపి పడివున్న రెండు మూడు చెవులపిల్లులు (అడవి కుందేళ్ళు), వాటి వెనుక తల వంచుకుని నిలబడ్డ ఇద్దరు కుర్రవాళ్ళు, పక్కన అటవీ సిబ్బంది. కింద వార్త కూడా ప్రతిసారీ ఒకటే: ఉచ్చులు దొరికాయి, బైకు స్వాధీనం చేసుకున్నారు, కేసు పెట్టారు. ఆ మాంసానికి ముందే బయానా ఇచ్చింది ఎవరో, అది ఎవరి కంచంలోకి వెళ్ళవలసి ఉందో ఆ వార్తలో ఎన్నడూ ఉండదు. ఉదయగిరి వైపు మెట్ట పొలం చేసుకునే రైతుగా ఈ లోటు గురించే నేను ఈ లేఖ రాస్తున్నాను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, వల పన్నడం, మందు పెట్టడం, తరమడం, చివరకు వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తుంది. ఈ మాత్రం సంగతి ఊళ్ళలో చాలామందికి తెలుసు. ఎవరూ పట్టించుకోనిది 39వ సెక్షను. వేటాడిన జంతువు, దాని మాంసం ప్రభుత్వ ఆస్తి అవుతాయనీ, అనుమతి లేకుండా వాటిని సంపాదించినా, దగ్గర ఉంచుకున్నా నేరమేననీ అది చెబుతుంది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక సాధారణ నేరాలకు గరిష్ఠ జరిమానా 25 వేల రూపాయల నుంచి లక్షకు పెరిగింది. మూడేళ్ళ దాకా జైలు ఉండనే ఉంది. అంటే ఉచ్చు పన్నినవాడితో పాటు కొన్నవాడినీ, వండి అమ్మినవాడినీ పట్టుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

వెనకటి రోజుల్లో వేట లేదని నేను అనను. కోతలయ్యాక నలుగురు కలిసి వలలు, కుక్కలతో వెళ్ళేవారు; ఏదైనా దొరికితే పాళ్ళు వేసుకుని తినేవారు, దొరకకపోతే ఎండలో తిరిగి వచ్చేవారు. (కనుమనాడు జరిపే పారువేట ఇప్పుడు దేవుడి ఊరేగింపుగానే మిగిలింది, అదే మంచిది.) ఇప్పటి వేట తీరు వేరు. చెవులపిల్లి పగలంతా గడ్డి దుబ్బులో చిన్న గుంతలా చేసుకుని అణిగి ఉంటుంది, చీకటి పడ్డాకే మేతకు బయలుదేరుతుంది. బైకు మీద వెనుక కూర్చున్నవాడు ఫోకస్ లైటు ముఖాన కొడితే దానికి కళ్ళు చెదిరి, పరుగెత్తవలసింది కాస్తా ఉన్నచోటనే నిలబడిపోతుంది. దాని ప్రాణానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం పరుగు. దాన్ని ముందే లాగేసుకున్న తరువాత వేటలో నేర్పు అనదగ్గది ఏమీ మిగలదు.

ఉచ్చు ఇంతకన్నా అన్యాయం. తెగిపోయిన క్లచ్ వైరును పురి విప్పి, ముడి జారేటట్టు వలయం చేసి, కంచెకు ఉన్న సందులో నేలకు నాలుగైదు వేళ్ళ ఎత్తున నిలబెట్టి, చివర మేకుకు కడతారు. చెవులపిల్లి అలవాటుపడ్డ దారి వదలదు. ముందురోజు రాలిన పెంటికలు చూసి ఆ దారి పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. అయితే ఆ వైరు తనలో తల దూర్చింది ఏ జంతువో చూడదు. నక్క పడుతుంది, అడవి పిల్లి పడుతుంది, చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్న ఉడుము పడుతుంది, మేత దిగిన మేకపిల్లా పడుతుంది. పెట్టినవాడు పొద్దున్నే వచ్చి చూసుకోకపోతే పడినది అక్కడే కుళ్ళిపోతుంది. మా పొలం గట్టు మీద పీకిన వైర్లలో ఒకదానికి ఎముకలు, కాస్త బొచ్చు తప్ప ఏమీ మిగలలేదు; అది ఏ జంతువో కూడా చెప్పలేకపోయాం.

రుచి గురించి కూడా దాచకుండా రాస్తాను. చెవులపిల్లి మాంసం ముదురు ఎరుపు, కొవ్వు దాదాపు ఉండదు. బొచ్చు కాల్చి, పసుపు పూసి, ముక్కలు కొట్టాక నూనె కాస్త ధారాళంగా పోసి, అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరి వేసి, సన్నని సెగ మీద చాలాసేపు ఉంచితే తప్ప అది మెత్తబడదు. సజ్జ సంగటిలోకి బాగుంటుందని తిన్న పెద్దవాళ్ళు చెప్పేవారు, నేను కాదనను. ఆ పేరు పట్టుకునే ఇప్పుడు రోడ్డు పక్క హోటళ్ళలో కొన్ని, నోటి మాట మీద, తెలిసిన ముఖాలకు మాత్రమే దీన్ని వడ్డిస్తున్నాయి. నాలుగు రోజుల ముందు చెబితే చాలు, తెప్పించి పెడతారు. ఉడుతను కూడా కొందరు తింటారు గానీ, దాన్ని వలిస్తే వచ్చేది గుప్పెడు మాంసమైనా ఉండదు. వ్యాపారానికి పనికిరాకపోవడం వల్లనే అది చాలావరకు బతికిపోతోంది.

అడిగితే హోటలువారు చెప్పే జవాబు, ఇది ఫారం కుందేలని. ఆ మాట నిజమా కాదా తేల్చడం కష్టం కాదు. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా వంటి పెంపుడు కుందేళ్ళ మాంసం కోడి మాంసంలా తెల్లగా ఉంటుంది. అది వేరే జాతి. నెల రోజులకే ఈనుతుంది, కళ్ళు తెరవని, బొచ్చు లేని పిల్లలను గూట్లో పెడుతుంది. మన చెవులపిల్లి ఆరుబయటే, బొచ్చుతో, తెరిచిన కళ్ళతో ఉన్న పిల్లలను ఈనుతుంది, అవీ ఒకటో రెండో, మహా అయితే నాలుగో. కాబట్టి వంటగదిలో ముదురు ఎరుపు మాంసం కనిపించినప్పుడు ఫారం ఎక్కడ ఉందో, కొన్న చీటీ ఏదో అడగడానికి తనిఖీకి వచ్చినవారికి పెద్ద పరిశోధన అవసరం లేదు.

పంట నష్టం లేదని కూడా నేను అనను. పెసర, వేరుశనగ మొలక దశలో ఉండగా చెవులపిల్లులు సాళ్ళ వెంట కొరికేస్తాయి. అయినా పందులు చేసేదానితో పోలిస్తే అది తక్కువే. నష్టం ఎక్కువగా ఉన్నచోట కూడా అధీకృత అధికారి రాతపూర్వక ఉత్తర్వు లేకుండా రైతు తనంతట తాను జంతువును చంపే వీలు చట్టంలో లేదు. పంట కాపలా పేరుతో ఉచ్చులు పెట్టుకుని కూర అమ్ముకోవడానికి రైతు పేరు వాడవద్దని మాత్రం కోరుతున్నాను.

ఇక కోవూరు, ఇందుకూరుపేట వైపు వరి పొలాల్లో బొక్కకు కుండ ఆనించి, పొగ ఊది ఎలుకలు పట్టే యానాది గిరిజనులను కూడా ఈ వేటగాళ్ళతో కలిపి ఒకే గాటన కట్టడం నాకు ఏనాడూ సమ్మతం కాదు. 2022 సవరణకు ముందు ఇదే చట్టం ఎలుకలను హానికర జంతువుల జాబితాలోనే ఉంచింది. వారి పని వల్ల రైతు గింజలు రైతుకు మిగులుతాయి. ఇలాంటి మనుషులకు అడవి మీద, నేల మీద ఉన్న చూపు ఎంత విలువైనదో మన పక్క జిల్లాలోనే రుజువైంది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ పేరుతో లోకానికి తెలిసిన కలివికోడి అనే పక్షి 1900 తరువాత ఎవరి కంటా పడలేదు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో అది ప్రాణంతో దొరికింది ఐతన్న అనే స్థానిక వేటగాడికి, రాత్రిపూట టార్చి వెలుగులోనే. ఉచ్చులు ఎక్కడ ఉంటాయో తెలిసినవాళ్ళకే కూలి ఇచ్చి, పెనుశిల అభయారణ్యం అంచు గ్రామాల్లో వాటిని పీకించే పని అటవీ శాఖ చేయించవచ్చు.

తమ పత్రికను కోరేది ఒక్కటి. ఇకమీదట ఇలాంటి కేసు వార్త వేసినప్పుడు మాంసం ఎవరికి చేరవలసి ఉందో విలేకరి అధికారులను తప్పక అడగాలి. కొన్నవారి మీద 39వ సెక్షను కింద కేసు పెట్టారో లేదో, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో, ఆ జవాబును కూడా ఫొటో పక్కనే అచ్చు వేయాలి.

ఇట్లు,
ఒక మెట్ట రైతు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా