ఉగాది నుంచి మన దుకాణంలో చదును దారికి తగిన సైకిళ్లే

ఉగాది నుంచి మన నెల్లూరు దుకాణంలో కొన్ని మార్పులు వస్తున్నాయి. 23 మిల్లీమీటర్ల సన్నటి టైర్లున్న రేసు సైకిళ్లను కొత్తగా మొదలుపెట్టేవారికి అమ్మడం మానేస్తున్నాం. ఎవరు ఏ సైకిలు కొన్నా సీటు, హ్యాండిల్ వారి ఒంటి కొలతకు సరిచేసే పని ధరలోనే కలిసి ఉంటుంది. సర్వీసు ఛార్జీ మాత్రం 500 నుంచి 650 రూపాయలకు పెరుగుతుంది. ఈ మాటలు బోర్డు మీద రాసిపెట్టి ఊరుకోవచ్చు. కానీ మీలో చాలామంది మా మాట నమ్మి చీకటితోనే రోడ్డెక్కుతున్నారు. కారణాలు కూడా మీకు తెలియాలి.

మనది చదును నేల. మైపాడు వెళ్లినా, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా సంగం వెళ్లినా ఎక్కుడు అంటూ ఉంటే అది ఏ వంతెన దగ్గరో. కాలువకు కిలోమీటరుకు జానెడు వాలుంటే నీళ్లు పారతాయి. ఆ కాలువ పక్కన పోయే రోడ్డుదీ అదే తీరు. అందుకే కొత్తగా వచ్చేవారు “మనకు కొండలు లేవు కదండీ, ఏ సైకిలైనా ఒకటే” అంటుంటారు. ఒకటి కాదు. కొండ దారిలో ఎక్కేటప్పుడు సీటు మీది నుంచి లేస్తాం, దిగేటప్పుడు కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. చదును మీద ఆ రెండూ లేవు. గంటా రెండు గంటలు ఒకే కూర్చోడంలో, తొక్కడం ఆపకుండా పోవాలి. సీటు ఎత్తు అర అంగుళం తేడా ఉన్నా సాయంత్రానికి మోకాలు చెబుతుంది. హ్యాండిల్ మరీ కిందికి ఉంటే అరచేతి అంచున పోయే నరం మీద బరువు పడి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరితో మా దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమందికి హ్యాండిల్ రెండు వేళ్ల ఎత్తు పెంచితే సరిపోయింది. సైకిలు మార్చాల్సిన అవసరం రాలేదు. పది నిమిషాలకు ఒకసారి సీటు మీది నుంచి లేచి నాలుగు తొక్కులు నిలబడి తొక్కండి, నడుము కూడా కుదుటపడుతుంది.

మన దారుల్లో కొండ లేని లోటు గాలి తీరుస్తుంది. దాన్ని ఎదిరించడానికి పెట్టే శక్తి వేగం పెరిగినకొద్దీ ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 25 కిలోమీటర్ల నుంచి 30కి వెళ్లాలంటే గాలి ఒక్కదానికే దాదాపు 1.7 రెట్ల శక్తి పెట్టాలి. వరి పొలాల మధ్య అడ్డుగా చెట్టూ చేమా లేని చోట ఇది బాగా తెలుస్తుంది. మైపాడు వెళ్లేవారికి ఒక వెసులుబాటు ఉంది. తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు పోతుంది, పొద్దెక్కాక సముద్రం నుంచి ఇటు మళ్లుతుంది. వేళ చూసుకుని బయలుదేరితే పోతూ, వస్తూ వీపు మీదే గాలి. మే నెలలో పడమటి గాలి జోరుగా ఉన్న రోజుల్లో ఈ లెక్క పనిచేయదు. ఎదురుగాలిలో ఒక్క పన్ను తేడాతో గేరు మార్చుకునే వీలు ఉండాలి కాబట్టి, మన దారులకు 11-34 కంటే 11-28 క్యాసెట్టే మేలని చెబుతున్నాం. క్యాసెట్టంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి, ఆ అంకెలు అందులో అన్నిటికంటే చిన్న, పెద్ద చక్రాల పళ్ల లెక్క. 11-34 ఖరీదు ఎక్కువ, అమ్మితే మాకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. అయినా మీకు దానితో పని లేదు.

ఇక టైర్లు. పెన్నా కట్టల మీద, కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ విపరీతం. గట్టు శుభ్రం చేసిన తర్వాత కంప తీసేస్తారు, ముళ్లు రోడ్డు మీదే మిగులుతాయి. ఎండాకాలం పల్లేరు కాయలు తోడవుతాయి. సన్నటి టైరులో గాలి గట్టిగా కొట్టాలి, పైన రబ్బరు పలచన. ముల్లు తేలిగ్గా దిగుతుంది. 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు వేస్తే గాలి కాస్త తగ్గించి కొట్టవచ్చు, గతుకుల మీద చేతులకు సుఖం, పంక్చర్లూ తగ్గుతాయి. వేగం పోతుందనే భయం అక్కర్లేదు, మన రోడ్ల మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతూ పోగొట్టుకునేదే ఎక్కువ. పంక్చరు పడ్డాక వెంటనే కొత్త ట్యూబు ఎక్కించకండి. చిన్న దూది ఉండ తీసుకుని టైరు లోపలి వైపు చుట్టూ మెల్లగా తిప్పండి. కంటికి కనబడని ముల్లు మొన దగ్గర దూది పీచు పట్టుకుని ఆగుతుంది. దాన్ని పట్టుకారుతో లాగేయండి. వేలితో వెతికితే వేలికే గుచ్చుకుంటుంది. ట్యూబ్‌లెస్ వాడేవారు చిల్లులు పూడ్చడానికి లోపల పోసే తెల్లటి ద్రవాన్ని మన ఎండలకు రెండు మూడు నెలలకోసారి చూపించుకోవాలి, అది ఎండిపోతే పోసినా పోయనట్టే.

ఇప్పుడు వరికోతల కాలం. కోవూరు, బుచ్చి వైపు రోడ్డు పక్కనంతా ధాన్యం ఆరబోసి ఉంది. దాని మీది నుంచి ఎవరూ పోవద్దు. పట్టల అంచున పెట్టిన రాళ్లు చీకట్లో కనబడవు, ప్రమాదం సంగతి అలా ఉంచితే, అది రైతు ఆరు నెలల కష్టం. వరిగడ్డి కూడా రోడ్డంతా పడి ఉంటుంది. వెనక గేరు మార్చే డిరైలర్ చిన్న చక్రాల్లో ఒక్క గడ్డిపోచ చుట్టుకున్నా, తొక్కుతూనే ఉంటే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. తొక్కడం బరువెక్కినట్టు అనిపిస్తే వెంటనే దిగి, పెడలు వెనక్కి తిప్పుతూ గడ్డి లాగేయండి. మైపాడు నుంచి వచ్చినవారు ఆ రోజే సైకిలు మంచినీళ్లతో కడిగి చైనుకు నూనె పెట్టాలి. ఉప్పుగాలికి స్పోకుల మొదళ్లు పట్టేస్తున్నాయి.

సర్వీసు ఛార్జీ పెంపు మా దగ్గర పనిచేసే కుర్రవాళ్ల జీతాల కోసం. గేరు సైకిలు విప్పి బిగించే పని నేర్చిన చెయ్యి ఈ ఊళ్లో దొరకడం కష్టం, నేర్చుకున్నవారు చెన్నై వెళ్లిపోతున్నారు. కేంద్రం 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. ఆ తగ్గింపు మొత్తం మీ బిల్లులోనే కనిపిస్తోంది. మరో ఇబ్బంది కూడా చెప్పాలి. ఖరీదైన రేసు సైకిళ్లు ఎత్తితేనే మిగతా సరుకు సమయానికి పంపుతానని ఒక పంపిణీదారు షరతు పెట్టాడు. అవి తెచ్చి పెట్టుకుంటే మీకు ఎలాగోలా అంటగట్టాల్సి వస్తుంది, అది ఇష్టం లేక వద్దన్నాం. అందువల్ల చైన్లు, క్యాసెట్లు కొన్నాళ్లు ఆలస్యంగా వస్తాయి. మన చదును దారుల్లో అందరూ రెండు మూడు గేర్లే వాడతారు కాబట్టి ఆ పళ్లే ముందు అరుగుతాయి. చైను అరుగుదల ఉచితంగా కొలిచి చెబుతాం. పూర్తిగా అరిగేదాకా ఆగకుండా ముందే పేరు రాయించండి.

ఆదివారం సవారీ కోతలు అయ్యేదాకా జొన్నవాడ వైపు ఉండదు. 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజీ మీదుగా పెన్నా ఒక ఒడ్డున పోయి మరో ఒడ్డున వద్దాం. పోనురాను 60 కిలోమీటర్ల పైమాటే, అలవాటు లేనివారు సగంలోనే వెనక్కి తిరగవచ్చు, మా మనిషి ఒకరు తోడు వస్తారు. కృష్ణపట్నం పోర్టు రోడ్డు మీదికి మాత్రం ఎవరు అడిగినా తీసుకెళ్లం, అక్కడ లారీలకు అంతూ పొంతూ లేదు. ఈశాన్య వానల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఏటిగట్టు సవారీలు ఆపేస్తాం. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది, గట్ల సంగతి చెప్పనక్కర్లేదు.

మిగిలిపోయిన 23 మిల్లీమీటర్ల టైర్లు కొన్న ధరకే ఇస్తున్నాం. పాత రేసు సైకిళ్లు వాడుతున్నవారు, ఫ్రేములో వెడల్పు టైరు పట్టనివారు అవి తీసుకోండి. మీ సైకిలుకు 28 పడుతుందో లేదో అనుమానం ఉంటే దుకాణానికి తీసుకురండి, చక్రం బిగించి చూపిస్తాం.