సంగీతంలో డిగ్రీ సంగతి

హైదరాబాద్

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

అమ్మమ్మగారింటికి వెళ్లే ముందు నువ్వు అడిగినదానికి అప్పుడు జవాబివ్వలేదు. ఎంపీసీ చదివి, ఇంజనీరింగ్ కాదని సంగీతంలో డిగ్రీ చేస్తానంటే వద్దనడానికి కారణాలకు కొదవ ఉండదు. మన అపార్ట్‌మెంటులో ఎవరిని కదిపినా ఓ పది చెబుతారు. పక్కింటి బీటెక్ కుర్రాడు అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తూనే ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అందుకే వాళ్ల మాటలు పక్కనపెట్టి డబ్బు లెక్క ఒక్కటే చూశాను.

రాంకోఠిలోని త్యాగరాజ సంగీత నృత్య కళాశాలలో 4 ఏళ్ల సర్టిఫికెట్, ఆపైన 2 ఏళ్ల డిప్లొమా ఉన్నాయి. చదువు విషయంలో వాటికి వంక పెట్టలేం గాని, ఉద్యోగ ప్రకటనలో ‘ఏదైనా డిగ్రీ’ అని అడిగినచోట అవి సరిపోవు. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చే సంగీతం డిగ్రీ అయితే గ్రూప్స్‌కూ, బ్యాంకు పరీక్షలకూ బీకాం చదివినవాళ్ల పక్కనే కూర్చోవచ్చు. కాబట్టి దారులన్నీ మూసుకుపోతాయన్న మీ పెదనాన్న మాటలో పస లేదు. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టుకు సంగీతంలో డిగ్రీయే అడుగుతారు. ఏడో వేతన సంఘం లెక్కన మూలవేతనం 35,400 రూపాయలు. అయితే బడికి సాధారణంగా ఒక్క పోస్టే. పీజీలో 55 శాతం తెచ్చుకుని నెట్ అర్హత పరీక్ష గట్టెక్కితే కాలేజీలో పాఠం చెప్పే అర్హత వస్తుంది గాని, అర్హత ఉన్నంతమాత్రాన ఉద్యోగం రాదు.

ఇక కచేరీలు. త్యాగరాయ గానసభలోనో, రవీంద్రభారతిలోనో పాడాలన్న నీ కోరికను తక్కువ చేయను. కానీ కొత్తవాళ్లకు కచేరీ తరచు సంపాదన కాదు, ఖర్చు. వయొలిన్, మృదంగం వాయించేవారికి సంభావన ఇచ్చి, రానూపోనూ ఆటో ఛార్జీలు పెట్టుకుంటే ఇంటికి వచ్చేది శాలువా, జ్ఞాపిక. ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడు వస్తే పేరుకు బలమే. నెల గడవడానికి అది చాలదు.

మరి సంగీతాన్ని నమ్ముకున్నవాళ్లలో ఎక్కువమంది ఎలా బతుకుతున్నారంటే, పాఠాలు చెప్పి. అమెరికాలో అప్పటికి సాయంత్రం కాబట్టి మీ టీచరుగారు తెల్లవారుజామునే లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ఇక్కడి పిల్లలకు సాయంత్రం చెబుతారు. మొన్న ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు చూశాను. ఏడేళ్ల పిల్లవాడొకడు మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠమైన సరళీ వరస పాడుతూ అవరోహణలో ధైవతం దగ్గర ప్రతిసారీ జారిపోతున్నాడు. ఆవిడ ఎలక్ట్రానిక్ తంబురా శబ్దం కాస్త పెంచి, తొడమీద తాళం ఆపకుండా, ముఖంలో విసుగు కనిపించనీయకుండా, వాడికి కుదిరేదాకా పాడించారు. ఆ ఇంటి అద్దె కడుతున్నది ఆ ఓర్పే.

నీకు పాడడం ఇష్టమని నాకు తెలుసు. నేర్పడం ఇష్టమో కాదో నీకే ఇంకా తెలియదు. అందుకని ఈ సెలవుల్లో ఆవిడ దగ్గర చిన్నపిల్లల తరగతికి సాయంగా కూర్చో. ఆ పని నీకు భారమనిపిస్తే బీకాంలో చేరి సాయంత్రాలు సాధన కొనసాగించు, అందులో చిన్నతనమేమీ లేదు. భారమనిపించకపోతే సంగీతం డిగ్రీకే దరఖాస్తు పెడదాం.

ఇంటి లోను తీరలేదు, తమ్ముడి చదువు ముందుంది. అయినా పీజీ దాకా ఖర్చు నాదే. ఆ తరువాత నీ ఖర్చులు నువ్వు చూసుకోవాలి. విద్యారుణం మాత్రం వద్దు, మొదట్లో పాఠాల మీద వచ్చే డబ్బు వాయిదాలకే చాలదు. లక్షల్లో ఫీజు చెప్పే ప్రైవేటు కోర్సుల వైపు అందుకే చూడవద్దంటున్నాను.

టీచరుగారితో మాట్లాడాను, సోమవారం నుంచి రమ్మన్నారు. ఆదివారం బస్సుకు బయలుదేరి రా. అమ్మమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నాన్న